నక్క గుహలో బొచ్చు మూటలు

ఎర్రకొండ అడవిలో ఒక రోగం ఉండేది. ఒంటి లోపల గడ్డ పుట్టేది. ముందే తెలిస్తే వేరు మందుతో కరిగేది, బయటికి కనిపించాక ఇక లేవడమంటూ లేదు. మేక పోలమ్మ తల్లి అలాగే పోయింది.

ఎర్రడనే కుక్క మాత్రం గుప్పెడు బొచ్చు వాసన చూసి ఆ గడ్డను ముందే పట్టగలిగేవాడు. నక్క పైడయ్య అతనికి గుహ ఇచ్చాడు, తిండి పెట్టాడు. "నా పెట్టుబడి, ఎర్రడి ముక్కు, అందరి ప్రాణం!" అని కొండెక్కి అరిచాడు. జబ్బు ఉన్నవాళ్లూ లేనివాళ్లూ బొచ్చు తెచ్చిచ్చారు. వాటిని పోల్చి పోల్చి ఎర్రడు ఆరితేరాడు. అంతే, పైడయ్య గుహ వాకిట్లో అడ్డంగా పడుకున్నాడు.

"మామా, నా బొచ్చు ఏం చెప్పింది?" అడిగింది పోలమ్మ.

"తెలుసు. చెప్పను. మాంసం తెచ్చావా?"

"పాలు తాగే పిల్లలున్నారు మామా. నా దగ్గర మాంసమెక్కడిది?"

"నడిపించుకుంటూ తెచ్చావుగా!" పైడయ్య ఆమె వెనకున్న పిల్లల వైపు చూసి పళ్లికిలించాడు. తిండి పెట్టేవాడి మాట దాటలేక ఎర్రడు బొచ్చు మూటల్లో ముక్కు దూర్చాడు.

పోలమ్మకు ఒళ్లు మండింది. మా బొచ్చుతో నేర్చిన విద్య మాకే అమ్ముతాడా? తిరిగి వస్తుంటే కంపకు రాసుకుని బొచ్చు ఊడింది. పాత బొచ్చు రాలి చలికాలపు బొచ్చు వచ్చే రోజులు. కొత్త బొచ్చు, కొత్త వాసన. ఆ రోజుల్లో సొంత పిల్లలే మూతి పెట్టి చూసుకుని గానీ పాలకు రావు. పోలమ్మ ఆగింది, నవ్వుకుంది.

మర్నాడు దుప్పినీ కుందేలునీ అందరినీ వెంటబెట్టుకొచ్చింది. "మా బొచ్చు మాకిచ్చెయ్. ఇకమీదట ఇవ్వం."

"పట్టుకుపోండి ఆ చెత్త! విద్య ఎర్రడి ముక్కులో ఉంది."

చలి ముదిరాక పెద్దపులి వచ్చింది. అడవిపంది తొడ నక్కకు ముందే ఇచ్చి ఉంది. ఎర్రడు దాని బొచ్చు వాసన చూశాడు, మళ్లీ చూశాడు.

"తెలియట్లేదు దొరా. పోల్చుకోవడానికి చలికాలపు బొచ్చు ఒక్క పోగూ లేదు."

పులి నక్క వైపు తిరిగింది. "నా తొడ ఏదిరా?"

అది ఏనాడో అరిగిపోయింది. పైడయ్య పడుతూ లేస్తూ పోలమ్మ పొద దగ్గరికి పరుగెత్తాడు. వెనకే పులి. "అమ్మా పోలమ్మా, కాస్త బొచ్చు!"

"ఏం తెచ్చావు మామా?"

నక్క వెనక్కి తిరిగి పులి వైపు చూశాడు.

"ఇస్తాంలే. కానీ ఎర్రడు వాగు ఒడ్డున కూచుంటాడు, బొచ్చిచ్చిన ప్రతివాళ్లకీ జవాబు చెబుతాడు. తిండి మేమందరం పెడతాం. నీకూ వరసలో చోటుంటుంది."

పులి గుర్రుమంది. పైడయ్య గబగబా తలూపాడు.

వాగు ఒడ్డున ఎర్రడు పోలమ్మ బొచ్చు వాసన చూసి తలెత్తి, "ఉందక్కా, ఆవగింజంత. ఇవాళే మందు మొదలెట్టు, కరిగిపోతుంది" అన్నాడు.

పిల్లలు పొదుగు కిందికి దూరాయి. పోలమ్మ వరస చివరికి చూసి కేకేసింది: "జరుగు మామా, నీ వంతూ వస్తుంది!"

అందరి ఒంటి నుంచీ పుట్టిన జ్ఞానం అందరిదీ. దానికి అడ్డంగా పడుకున్నవాడికి మిగిలేది ఖాళీ గుహే.