ఇల్వాకు జోడీ

ఓమ్రిన్‌కి ఒక కుక్కతో పేచీ వచ్చింది.

సైబీరియా కొట్టకొసన, మంచు సముద్రం ఒడ్డున ఉన్న చుక్చీ జాతివాళ్ళ పల్లె అతనిది. ఏటా చలికాలం చివర్లో అక్కడ కుక్కల బండ్ల పందెం జరుగుతుంది. గడ్డకట్టిన సముద్రం మీద రోజుల తరబడి సాగే పందెం. నిరుడు గెలిచింది ఓమ్రినే. అతనికి బండి తోలడం నేర్పింది రుల్తినా అవ్వ. కుక్కల్ని సాకి ఇచ్చిందీ ఆవిడే.

ఈ ఏడు పందేనికి ముందు అతను ఆవిడ గుడారానికి వచ్చాడు.

"అవ్వా, మిల్యూని తీసేస్తున్నాను."

బండికి ముందు వరసలో రెండు కుక్కలుంటాయి. దారి పట్టేది ఇల్వా. దాని జోడీ మిల్యూ.

"ఏం చేసింది పాపం?"

"ఏమీ చెయ్యదు, అదే నా బాధ. పొద్దస్తమానం ఇల్వా భుజానికి ఒరిగి పరిగెడుతుంది. లాగేది తక్కువ, ఆనుకునేది ఎక్కువ. దాని బదులు కుర్ర కుక్కని కడతాను."

తోలు బూటు కుడుతున్న అవ్వ సూది ఆపింది.

"మిల్యూ లేకపోతే ఇల్వాకి కష్టం."

"నేనుండగా దానికేం కష్టం? నిరుడు పొగమంచులో నా చెయ్యి నాకే కనపడలేదు. వట్టి నోటిమాటతో దాన్ని నడిపించి గెలిచాను."

అవ్వ అతని ముఖంలోకి చూసింది. "దానికి నువ్వు చాలుతావా?"

"చాలుతాను."

అవ్వ మళ్ళీ కుట్టుకోసాగింది.

మొదటి రోజు బండి గాలిలో తేలినట్టే పోయింది. ఓమ్రిన్ కుడి అంటే ఇల్వా కుడికి తిరిగింది, ఎడమ అంటే ఎడమకి. అందరికంటే ముందున్నాడు. ఆ సంతోషంలో పాట కూడా ఎత్తుకున్నాడు.

మర్నాడు మంచుగడ్డలు గుట్టలు గుట్టలుగా పేరుకున్న చోటికి వచ్చారు. ఒక గుట్ట చుట్టి తిరిగేసరికి ఎదురుగా మంచు నిలువునా పగిలి ఉంది. కింద నల్లటి నీళ్ళు. కుర్ర కుక్క నాలుగు కాళ్ళూ తన్నిపెట్టి ఆగిపోయింది.

ఇల్వా ఆగలేదు. అదే పరుగున వెళ్ళి, ఓమ్రిన్ చూస్తుండగానే మాయమైంది.

తోలుపట్టీలు బిగుసుకున్నాయి. వెనక కుక్కలన్నీ గోళ్ళు దిగేసి మూలుగుతున్నాయి. అతను బోర్లా పడుకుని, పట్టీలు చేతికి చుట్టుకుని, వేళ్ళు తెగేలా లాగాడు. ఇల్వా పైకి వచ్చింది. మూతి చీరుకుపోయి రక్తం కారుతోంది.

భయం తగ్గేకొద్దీ అతనికి కోపం పెరిగింది. దాన్ని బండిలో వేసుకుని మజిలీకి చేరాడు. పందెం కుక్కలకి తిండి పెట్టడానికి ముందే అక్కడికి వచ్చి ఉన్న రుల్తినా అవ్వ గడ్డకట్టిన చేపలు కోస్తూ కూర్చుంది.

"ఇది నన్ను చంపబోయిందవ్వా! అంత పగులు కళ్ళెదుట పెట్టుకుని అందులోకి దూకింది. దీనికి మతి పోయింది. ఇక్కడే వదిలేసి పోతాను."

అవ్వ ఇల్వాని దగ్గరికి తీసుకుంది. బొటనవేలితో దాని మూతి మీది రక్తం తుడిచింది. తర్వాత చేపలు కోసే కత్తి ఎత్తి దాని కంట్లోకి పొడవబోయింది.

"అవ్వా!" ఓమ్రిన్ కేక పెట్టాడు.

కత్తిమొన కంటిపాపకి వెంట్రుకవాసి దూరంలో ఆగింది.

ఇల్వా రెప్ప వెయ్యలేదు. చేపల వాసనకి తోక ఊపుతూనే ఉంది.

అవ్వ రెండో కంటి ముందుకి తీసుకెళ్ళింది కత్తిని. ఆ రెప్పా కదల్లేదు.

ఓమ్రిన్ మంచులో కూలబడ్డాడు.

"ఎప్పట్నుంచి?"

"నిరుడు పందేనికి ముందే."

"మరి నాకు చెప్పలేదేం?"

"రోజూ చేతులారా తిండి పెట్టేవాడివి. నీకు చెప్పాలా?" అవ్వ కత్తి కింద పెట్టింది. "మిల్యూ లేకపోయినా దానికి చాలుతానన్నావు. తెలిసే అన్నావనుకున్నాను నాయనా."

వెనకబడ్డ బండ్లు ఒక్కొక్కటే మజిలీ దాటి పోతున్నాయి. ఎవరో అతన్ని పేరు పెట్టి పిలిచారు. అతను తలెత్తలేదు.

"ఇల్వా," అన్నాడు మెల్లగా.

పిలుపు వినగానే అది సంబరంగా ముఖం తిప్పింది. దాని చూపు అతని చెవి పక్కగా, వెనకాల ఎవరో నిలబడ్డట్టు, ఖాళీ మంచు మీద ఆగింది.