విస్తట్లో చివరి ముద్ద

పైడిరాజుకి రెండు రోజులుగా ఆకలి తెలియడం లేదు.

అతను జోగారావు మాస్టారి దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చి ఆరు నెలలైంది. మాస్టారు ఎప్పుడో రాసిన గ్రాఫిక్స్ డ్రైవర్ ఒకటి ఉంది. కంప్యూటర్‌ని లోపల్నించి నడిపించే కెర్నెల్లో కూర్చుని, తెర మీద బొమ్మ సరిగ్గా పడేలా చూసే ప్రోగ్రాం అది. మొదటిసారి దాన్ని అతని చేతికిచ్చి, "మెమొరీ చూసే భాగం చిందరవందరగా ఉంది, శుభ్రం చెయ్యి" అన్నారు. రేపే అది అతని పేరుతో బయటికి వెళ్లాలి.

శుభ్రం చేశాడు. రెండు వందల లైన్లు తీసేశాడు. ఇప్పుడు తెర మీద బొమ్మ ఉండుండి చారలు పడుతోంది. తప్పెక్కడో దొరకడం లేదు.

"తీసేసినవన్నీ పనికిరానివే మాస్టారూ. ఈ రెండు లైన్లు చూడండి. బొమ్మ ఉన్న మెమొరీని ఇక్కడ ఊరికే పట్టుకున్నారు, అక్కడ వదిలేశారు. మధ్యలో దాంతో ఒక్క పనీ లేదు. రాసినవాడెవడో గాని..." అని నాలిక్కరుచుకున్నాడు.

మాస్టారు నవ్వారు. "నేనే. రా, అన్నానికి వేళయింది."

పనీ, భోజనాలూ అన్నీ మాస్టారి ఇంట్లోనే. వంట నర్సవ్వది. వండినావిడ కూడా అందరితోపాటే వరసలో కూర్చోవాలని మాస్టారి పట్టు. ఆవిడకి పళ్లు లేవు. ఒక్కో ముద్దా మెత్తగా పిసుక్కుని తింటుంది.

పైడిరాజు ఎప్పట్లాగే నాలుగు ముద్దల్లో ముగించి అడ్డాకు విస్తరి మడవబోయాడు.

"కూర్చో" అన్నారు మాస్టారు.

"నాది అయిపోయిందండి."

"అయిందిలే. కూర్చో."

అక్కడే పని నేర్చుకుంటున్న మిగతా ఇద్దరు కుర్రాళ్లూ లేచి వెళ్లిపోయారు. పైడిరాజు చెయ్యి ఎండిపోతోంది. మాస్టారి విస్తట్లో పెరుగన్నం ముద్ద ఒక్కటే ఉంది. ఆయన దాన్ని తినరు, వదలరు. వేలితో అటు జరిపి ఇటు జరుపుతున్నారు.

"ఆ ఒక్క ముద్దా తినెయ్యండి మాస్టారూ. నా చారల సంగతి చూద్దురుగాని."

నర్సవ్వ బోసినోటితో నవ్వింది. "ఆయన తినడు నాయనా. రోజూ ఇంతే. అందరూ లేచిపోతే నాకు ముద్ద దిగదు, సగంలో ఆకు మడిచేత్తాను. అది తెలిసి ఈయన నాటకం."

"నాటకమేంటవ్వా? నాకు నిజంగానే తినడం ఆలస్యం."

"అబద్దాలు" అంది ఆవిడ, ఇంకొంచెం చారు పోసుకుంటూ.

ఆవిడ తిన్నది, నీళ్లు తాగింది, ఆకు మడిచింది. అప్పుడు మాస్టారు ఆ ముద్ద నోట్లో వేసుకున్నారు.

పైడిరాజు ఆయన ఖాళీ విస్తరి వైపు ఒక్క క్షణం చూసి, గభాలున లేచి లోపలికి పరిగెత్తబోయాడు.

"ఒరేయ్, ఎంగిలి చెయ్యి!" అని నర్సవ్వ కేకేసింది.

చెయ్యి కడుక్కుని వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ప్రోగ్రాం బొమ్మ గీసి తన పని ముగించుకుంటోంది. తెర మాత్రం ఆ బొమ్మని పైనుంచి కిందికి ఇంకా చదువుకుంటూనే ఉంది. అది సగంలో ఉండగానే మెమొరీలో ఆ చోటు ఖాళీ అయిందనుకుని, అతని కోడ్ దాన్ని ఇంకో పనికి ఇచ్చేస్తోంది.

తెర చదివేదాకా ఆ చోటుని ఊరికే పట్టుకుని ఉండే ఆ రెండు లైన్లూ తిరిగి పెట్టాడు. చారలు పోయాయి.

మిగతా నూటతొంభై ఎనిమిదీ నిజంగా చెత్తే. మాస్టారు ఒకటికి రెండుసార్లు చదివి, పైడిరాజు పేరుతోనే పంపించారు.

మర్నాడు భోజనాల దగ్గర మాస్టారు తన ముద్దని జరుపుతూ పక్కకి చూశారు. పైడిరాజు కూర్చునే ఉన్నాడు. అతని విస్తట్లోనూ ఒక పెరుగన్నం ముద్ద మిగిలి ఉంది. దాన్ని వేలితో అటు జరిపి ఇటు జరుపుతున్నాడు. నర్సవ్వ తల వంచుకుని తీరిగ్గా తింటోంది.

మాస్టారు తన ముద్ద తినేసి, ఇన్నేళ్లలో మొదటిసారి ఆవిడకంటే ముందు లేచి, చెయ్యి కడుక్కోవడానికి వెళ్లారు.