దడికి అవతలి గేదె

అనగనగా ఒక ఊళ్ళో ఒక తాటాకు దడి ఉండేది. రాజు లేడా అని అడక్కు, ఈ కథలో రాజు లేడు. ఉన్నది ఇద్దరాడవాళ్ళు. దడికి ఇవతల నాంచారమ్మ, అవతల తాయారు. చెరొక పాడిగేదె. నాంచారమ్మ గేదె నల్లగా నిగనిగలాడేదని దాన్ని నేరేడు అనేవాళ్ళు. తాయారు గేదెకి నుదుట తెల్లమచ్చ ఉండేది, దాని పేరు చుక్క.

నేరేడు నాంచారమ్మకి పుట్టింటి నుంచి వచ్చిన గేదె. ఆ పుట్టింట్లో ఇప్పుడు మనుషులెవరూ మిగల్లేదు, ఈ గేదె ఒక్కటే మిగిలింది. అది ఓ పూట గడ్డి మానేస్తే ఈవిడ అన్నం మానేసేది. అంత ప్రాణం పెట్టుకున్న మనిషి హాయిగా ఉండొచ్చుగా? ఉండలేదు. ఎందుకంటే చుక్క ఒక చెంబెడు పాలు ఎక్కువిచ్చేది.

ఒక్క చెంబేనే తల్లీ. ఆ చెంబెడు పాలకే నాంచారమ్మ తన బిందె చూసుకోవడం మానేసి తాయారు బిందె చూడ్డం మొదలెట్టింది. అప్పుడు ఏం చేసిందీ, దడిలో ఓ ఆకు పక్కకి తోసి కంత చేసింది. తన గేదె పాలు సగం పిండీ పిండక ముందే లేచి, చెయ్యి పైటకి తుడుచుకుని, పరిగెత్తుకెళ్ళి ఆ కంతకి కన్ను ఆనించేది.

మొదట ఏం కనపడిందంటే, తాయారు చుక్క పొదుగుని ఎర్రటి నీళ్ళతో కడుగుతోంది. నిజానికి అవి డాక్టరిచ్చిన మందు పొడి కలిపిన నీళ్ళు. ఈవిడకేం తెలుసు? "అదీ సంగతి. కుంకం నీళ్ళు మంత్రించి కడుగుతోంది" అనుకుంది. అనుకుని ఊరుకుందా, ఇంట్లోకెళ్ళి కుంకం భరిణె ఖాళీ చేసి నేరేడు పొదుగంతా పూసేసింది. పాపం ఆ గేదె వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంది.

ఆ తర్వాత ఇంకోటి కనపడింది. తాయారు మొదటి ధారలు ఓ కొబ్బరిచిప్పలోకి తీసి, అందులో విరుగులేమైనా ఉన్నాయేమోనని చూసి, బయట పారబోస్తోంది. "పారబోసుకునేంత పాలున్నాయని నన్ను ఏడిపించడానికే" అని ఈవిడ పళ్ళు నూరుకుంది.

ఆ తర్వాత మూడోది. పాలు తీయగానే తాయారు గేదె ముందు పచ్చగడ్డి వేసి, అది కాసేపు పడుకోకుండా నిలబెట్టింది. "చూశావా, నోరులేని దాన్ని నడుం వాల్చనివ్వదు, పాపిష్టిది" అంది నాంచారమ్మ. ఇక్కడేమో నేరేడు పాలు తీసిన మరుక్షణం పేడలో పడుకునుంది. పేడ తియ్యాల్సిన మనిషి కంత దగ్గరుంది కదా మరి.

పాలు తీశాక చన్ను మొన కాసేపు తెరుచుకునే ఉంటుంది. అక్కడ కింద పేడ, లోపల పిండకుండా వదిలేసిన పాలు, పైన కడగని చెయ్యి. కంటికి కనపడని పురుగులుంటాయే, వాటికి ఇంతకన్నా పెళ్ళిభోజనం ఎక్కడ దొరుకుతుంది? బిలబిలమని లోపలికి పోయాయి.

ఒక పొద్దున నాంచారమ్మ చెయ్యి వేసేసరికి నేరేడు ఎగిరి తన్నింది. దూడ దగ్గరికొస్తే దాన్నీ తన్నింది. ఒక చన్ను రాయిలా గట్టిపడి కాలిపోతోంది. పిండితే పాలు విరిగిపోయి, నెత్తుటి చారతో వచ్చాయి. నాంచారమ్మ దిష్టి తగిలిందని ఎండుమిరపకాయలు దిగదుడిచింది, తగ్గలేదు. పసుపూ, మళ్ళీ కుంకమూ పట్టించింది, తగ్గలేదు. ఇంక చేసేది లేక దడి దగ్గర నిలబడి ఏడుస్తూ తిట్టడం మొదలెట్టింది.

తాయారు ఆ తిట్లు విని దడి చుట్టూ తిరిగి వచ్చింది. "వదినా, ఏ చన్ను?" అంది.

"నీ కళ్ళు పడ్డ చన్నే" అంది నాంచారమ్మ.

విన్నావా? పొద్దస్తమానం కంతలో కన్ను పెట్టిందేమో తను, నింద పడిందేమో ఎదుటావిడ మీద. తాయారుకీ కోపం వచ్చింది. "నా కళ్ళకి అంత బలమే ఉంటే ముందు నా గేదెనే బాగుచేసుకునేదాన్ని. రా, చూద్దువుగాని" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి, చుక్కకి రెండో పక్కన నిలబెట్టింది.

నాంచారమ్మ ఆ పక్కకి ఎన్నడూ వచ్చింది కాదు. కంతలోంచి చుక్క ఒక పక్కే కనపడేది. ఈ పక్క చూస్తే ఒక చన్ను వంకాయ వరుగులా ఎండి వేలాడుతోంది.

"పోయిన ఈతలో పొదుగువాపు వచ్చింది వదినా. దిష్టి అనుకుని డాక్టర్ని ఆలస్యంగా పిలిచాను. ఇంక ఆ చన్నులోంచి బొట్టు రాలేదు. అందుకే ఇప్పుడు ఇంత జాగ్రత్త" అంది తాయారు.

ఇన్నాళ్ళూ నాంచారమ్మ కుళ్ళి చచ్చింది మూడు చన్నుల గేదెని చూసా? అప్పుడు తాయారే పక్కూరు పరుగెత్తి పశువుల డాక్టర్ని తీసుకొచ్చింది.

ఆయన వచ్చీ రాగానే, "పొదుగంతా ఎర్రగా ఉందేమిటి, రక్తమా?" అన్నాడు. నాంచారమ్మ తల వంచుకుని, "కుంకం బాబూ" అంది. ఎందుకు పూశావంటే, కంత సంగతి మొత్తం తాయారు ముందే చెప్పాల్సొచ్చింది. అంతకన్నా సూది తనకే పొడిపించుకోవడం నయం అనిపించింది ఆవిడకి.

డాక్టరు సూది వేసి, చన్నులోకి మందు ఎక్కించాడు. "చెడ్డ చన్నుని ఆఖర్న పిండు, ఆ పాలు దూడకి కూడా పట్టకుండా గోతిలో పొయ్యి, చెయ్యి సబ్బుతో కడుక్కో. దక్కుతుందో లేదో నీ ఓపికని బట్టి" అని చెప్పి వెళ్ళాడు. నాంచారమ్మ కంత వైపే పోలేదు. పేడ తీసింది, పొదుగు కడిగింది, కడదాకా పిండింది, గడ్డి వేసి నిలబెట్టింది. మెల్లిగా వాపు దిగింది. మందులు పూర్తయి, డాక్టరు సరేనన్నాక ఓ ఉదయం నాలుగు చన్నుల్లోంచీ తెల్లటి పాలు జర్రున దూకాయి.

నాంచారమ్మ మొదటి చెంబు దడి అవతలికి పట్టుకెళ్ళింది. తాయారు చెంబులోకి చూసింది, దడి కంతకి కన్ను ఆనించి నేరేడుని చూసింది. "నీ అదృష్టం వదినా. నీ గేదెకి నాలుగూ దక్కాయి" అంది. ఆ గొంతులో చిటికెడు కుళ్ళు ఉంది.

నాంచారమ్మకి అది ఇట్టే తెలిసిపోయింది. ఆ జబ్బు తనకి కొత్తదా? ఇంటికొచ్చి, కంత దగ్గర నాలుగు తాటాకులు పీకేసి మనిషి పట్టేంత దారి చేసింది. "కన్ను ఆనిస్తే మెడ పట్టేస్తుంది తాయారూ, వచ్చి చూసుకో" అంది.

నువ్వూ ఇంక నీదానికన్నా బాగుందని తమ్ముడి దుప్పటి వంక చూడ్డం మాని పడుకో. దానికి అవతలి పక్క చిరుగు ఉంది.

చుక్కకి గడ్డి, నేరేడుకి చిట్టు,
దడిలో కంతకి తలుపే పెట్టు,
కథేమో కంచికి, గేదేమో గాటికి,
మనమేమో ఇంటికి, కళ్ళేమో నిద్రకి.