వెనక దారి చూసిన చెంగమ్మ

అనగనగా, తొలకరి కోసం ఎదురుచూస్తున్న ఒక అడవిలో చెంగమ్మ అనే కుందేలు ఉండేది. పోయిన వానల్లో వరద వచ్చి దాని బొరియ కూలిపోయింది. అప్పటినుంచి చెంగమ్మ, మగడు సోమన్న, పిల్లలు పొదల కిందే తలదాచుకుంటున్నారు.

అదే అడవిలో, మెరక మీద, ముళ్ళపంది ఈరయ్య తాతకు మంచి బొరియ ఉంది. కొండ అవతల ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ తాత దాన్ని ఇచ్చేస్తానన్నాడు. బదులుగా ఓ కుప్ప తియ్యదుంపలు అడిగాడు. ఎండాకాలమంతా చెంగమ్మా సోమన్నా కడుపు మాడ్చుకుని దుంపలు పోగుచేశారు. కుప్ప తాత ముందు పెడితే బొరియ వాళ్ళదైపోతుంది. అది ఆ అడవి కట్టుబాటు.

ఆ రోజు రానే వచ్చింది. దుంపలు తాత గుమ్మం దాకా మోసుకొచ్చి చెంగమ్మ ఆగింది. ఇంకొక్కసారి లోపలంతా చూడాలనిపించింది. సోమన్న మొహమాటపడ్డాడు. మొన్న చూశాం కదా, పెద్దాయన ఏమనుకుంటాడో, అవతల మబ్బు కమ్ముతోంది అని గొణిగాడు.

చెంగమ్మకూ బెరుకుగానే ఉంది. కానీ పొదల కింద తడిసి వణికిన పిల్లలు గుర్తొచ్చారు.

"తాతా, ఏమీ అనుకోకు. ఒక్కసారి లోపల చూసి వస్తాను," అంది.

"అనుకోవడానికేముందమ్మా. ఉండబోయేది నువ్వు. తీరిగ్గా చూసుకో," అంటూ తాత పక్కకు జరిగాడు.

చెంగమ్మ గుమ్మం చూసింది. గట్టిగా ఉంది. నడిమి గది చూసింది. పొడిగా, వెచ్చగా ఉంది. చివరికి వెనక దారిలోకి దూరింది. కాస్త దూరం పోయేసరికి ముక్కుకు మట్టి తగిలింది. దారి పూడిపోయి ఉంది.

బయటికొచ్చి సంగతి చెప్పింది. తాత నిర్ఘాంతపోయాడు. ఒంటినిండా ముళ్ళున్నవాడు కదా, ఎవరు మీదికొచ్చినా వీపు తిప్పి నిలబడితే సరిపోయేది. వెనక దారితో ఏనాడూ పని పడలేదు. కుందేళ్ళకు మాత్రం పరుగే ప్రాణం.

"నేను చూడాల్సింది తల్లీ. ఆ దారి తెరిచేదాకా మీ దుంపలు ముట్టను," అన్నాడు తాత.

తాత లోపలినుంచి, సోమన్న బయటినుంచి తవ్వారు. చెంగమ్మా పిల్లలూ మట్టి ఎత్తిపోశారు. పొద్దు వాలేసరికి వెనకనుంచి చల్లగాలి వీచింది. అప్పుడు చెంగమ్మ కుప్పను తాత ముందు పెట్టి దండం పెట్టింది. మర్నాడు తాత కొండ దాటి వెళ్ళిపోయాడు.

వానలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం అడవిపిల్లి గుమ్మంలోంచి తల దూర్చింది. చెంగమ్మ పిల్లల్ని వెనక దారిలోకి తోసింది. అందరూ ఆ దారిన పరుగెత్తి బయటపడ్డారు. పిల్లి ఖాళీ గదులు వెతికి, విసుగెత్తి వెళ్ళిపోయింది.

వాన తెరిపివ్వగానే ఇంటిల్లిపాదీ తాతను చూడబోయారు. నీ చలవవల్లే బతికి బట్టకట్టామని చెంగమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తాత పిల్లల వంక చూశాడు.

"ఆ రోజు నువ్వు మొహమాటపడి ఊరుకుంటే, వీళ్ళ ఉసురు నాకు తగిలేదమ్మా. నువ్వు నన్ను కూడా కాపాడావు," అన్నాడు.

తాత కూతురు నేరేడుపళ్ళు తెచ్చి పెట్టింది. పిల్లలు మూతులు నల్లగా చేసుకుని తింటూంటే పెద్దవాళ్ళు తృప్తిగా చూస్తూ కూర్చున్నారు.

నీతి: ఏదైనా మనదయ్యే ముందు మొహమాటం లేకుండా మరోసారి చూసుకోవాలి, మంచి మనసుతో చూడనిచ్చినవారి మేలు ఎన్నటికీ మరవకూడదు.