కత్తిరించిన పేరు

అప్పలాచారి గారు అడిగిన వెంటనే జవాబు చెప్పే మనిషి కారు. వైద్య కళాశాలలో ప్రజారోగ్యం బోధించినన్నాళ్ళూ అంతే, రిటైరయ్యాకా అంతే. అడిగినవాళ్ళను కూర్చోబెట్టి, ఏదో ఒకటి జరిగేదాకా చూస్తారు. కరోనా రెండో విడత ఊళ్ళను ఊపేస్తున్న రోజుల్లో ఆయన శిష్యురాలు డాక్టర్ హిమబిందు విజయనగరం వచ్చింది. ఆయన వరండాలో మాస్కు బిగించుకుని, దూరంగా వేసిన కుర్చీలో కూర్చుని అడిగింది.

"సార్, ముందు చెప్పింది నేను. పేరేమో సలోమికి వచ్చింది. ఇదెక్కడి న్యాయం?"

సలోమి ఆమెతో చదివిన పిల్లే. ఆయాసపడే రోగిని బోర్లా పడుకోబెట్టడం గురించి హిమబిందు తెల్లకోటు వేసుకుని, బొమ్మలు పెట్టి పెద్ద వీడియో చేస్తే చుట్టాలు కూడా సగంలో వదిలేశారు. వారం తిరక్కుండా సలోమి వాళ్ళ నాన్నను చాప మీద పడుకోబెట్టి, "నేను సలోమిని, మీ ఇంటి పిల్లనే అనుకోండి" అంటూ అదే సంగతి చిటికెలో చూపించేసింది. అది ప్రతి ఫోన్లోకీ దూరింది. హిమబిందుకు కడుపు మండిపోయింది. తప్పు దొరక్కపోతుందా అని ఆ వీడియో ఎన్నిసార్లు చూసిందో. దొరకలేదు. దాంతో మంట ఇంకా పెరిగింది. తను నడిపే కాలనీ వాట్సాప్ గ్రూపులోకి మాత్రం దాన్ని రానివ్వలేదు.

గురువుగారు నోరు విప్పేలోపే ఆ గ్రూపులో వరాలమ్మ అనే ఆవిడ గొంతు వినిపించింది.

"డాట్రమ్మా, మా ఆయనకి ఊపిరాడట్నేదు. ఏటి సెయ్యాలి?"

ఆచారి గారు అంబులెన్సు కోసం ఫోన్ అందుకున్నారు. వెంటనే బోర్లా పడుకోబెట్టమని హిమబిందు వాయిస్ మెసేజ్ పెట్టింది. "అంత పొట్టతోటి ఎలగమ్మా? తలగడ ఎక్కడెట్టాలో సూపించండి" అని ఏడ్చింది వరాలమ్మ. హిమబిందు తన వీడియో పంపింది. అంత పెద్దది వాళ్ళ ఫోన్లో తెరుచుకోలేదు. "గుండ్రంగా తిరుగుతానే ఉన్నాదమ్మా" అంది వరాలమ్మ.

ఇక సలోమిది పంపక తప్పదు. వేలు దాని మీద పెట్టింది గానీ, మొదట్లోనే ఆ పేరు! తన గ్రూపులో, తన కాలనీవాళ్ళ ముందు, తన చేతులతోనే సలోమి పేరు మోగించడమా? హిమబిందు ఆ ముక్క కత్తిరించింది. సరిగ్గా తెగలేదు. మళ్ళీ కత్తిరించింది. అటునుంచి వరాలమ్మ "అమ్మా... అమ్మా..." అని పిలుస్తూనే ఉంది. చివరికి వీడియో వెళ్ళింది.

కాసేపటికి ఆయన్ని తిప్పామనీ, ఊపిరి కాస్త కుదుటపడిందనీ కబురొచ్చింది. అంబులెన్సూ వచ్చి తీసుకెళ్ళింది. "నీ మేలు మరిసిపోనమ్మా" అంది వరాలమ్మ. హిమబిందు కళ్ళు చెమర్చాయి. ఆ మెప్పు సలోమికి కాక తనకే దక్కిందని లోపల సంబరపడింది కూడా.

హిమబిందే చేర్చడంతో ఆచారి గారూ ఆ గ్రూపులో ఉన్నవారే. తన ఫోన్లో ఆ వీడియో పెట్టి చూశారు.

"మొదట్లో ఏదో పోయిందే?"

"పేరొక్కటే సార్" అంది హిమబిందు తల వంచుకుని.

"తీసెయ్యడానికి ఎంతసేపు పట్టిందమ్మా?"

ఆయన ఫోన్ పక్కన పెట్టారు.

"అంతసేపూ ఆయన వెల్లకిలానే ఉన్నాడు."