కలలో ఎదిగిన కోళ్లు

మబ్బులు గడప తాకి పోయే కొండసీమలో, పగటినిద్రలో ఏ కల వస్తే అదే శాసనం చేసే రాజొకడు ఉండేవాడు. ఆయన కోళ్లను సాకేది గవిరి.

ఒక మధ్యాహ్నం రాజు ఉయ్యాలబల్ల మీద ఆవులిస్తూ లేచి ఆమెను పిలిపించాడు.

"కలలో మన కోడిపిల్లలు జొన్నలు మింగి, దీపాలవేళకి పెట్టలైపోయాయి. నువ్వూ జొన్నలే వెయ్యి. సాయంత్రం కోడికూర పెట్టకపోతే కొండ దిగి పొమ్మంటాను."

గవిరి గూటి దగ్గర కూర్చుంది. దూదిపింజల్లాంటి పిల్లలు మంచులో తేలుతున్నట్టు తిరుగుతున్నాయి. ఇప్పుడు వాటికి నానిన నూకలే మేత. ఈకలొచ్చాక సజ్జలు, ఎదిగాక జొన్నలు, గుడ్లకొచ్చాక నత్తగుల్లల పొడి. ఈ వయసులో జొన్నగింజ వేస్తే గొంతుకడ్డం పడి చస్తాయి. ఆమె నూకలే చల్లింది.

సాయంత్రం రాజు ముందు ఖాళీ విస్తరి వేసి, "కళ్లు మూసుకోండి దొరా, వడ్డిస్తాను" అంది.

"కూరేది?"

"ఒక్కపూటలో ఎదిగిన కోళ్లు తమరి కలలోనే ఉన్నాయి దొరా. వాటి కూర అక్కడే తినాలి. ఇక్కడివి ఇంకా నూకల దగ్గరే ఉన్నాయి."

రాజు చాలాసేపు కళ్లు మూసుకునే కూర్చున్నాడు. కడుపు మాత్రం మెలకువగానే ఉంది.

"గవిరీ," అన్నాడు చివరికి, "చారన్నం ఉందా?"