ఎర్ర గన్నేరు తరువాత జానెడు

గన్నేరుపాడు బస్టాండులో దిగి, కూరగాయల మార్కెట్టు దాటి ఎడమకు తిరిగితే పూలకొట్ల వరుస వస్తుంది. ఆ వరుస చివరనే ఎదుగులమ్మ తల్లి ఆలయం. అమ్మవారు మోకాళ్ల నుంచి పైకి మాత్రమే దర్శనమిచ్చే రాతిమూర్తి. శుక్రవారం ఆమెకు వేసే దండ కొసలు కలపరు. రెండు కొసలూ భుజాల మీదుగా జారి నేలను తాకుతాయి. ఆ దండను శ్రద్ధగా చూసినవారికి ఒక సందేహం కలుగుతుంది. ఒత్తుగా, ఒద్దికగా సాగిన మల్లెల వరుస రెండు వైపులా ఒక్కొక్క ఎర్ర గన్నేరు దగ్గర ఆగిపోతుంది. ఆ తరువాత జానెడు మేర పూలు వదులుగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి. పని రానివారు కట్టారని చూడగానే తెలుస్తుంది. అది లోపం కాదు. సరిచేయమని దయచేసి ఎవరూ అడగవద్దు.

పూర్వం ఇక్కడ అమ్మవారు నడుము దాకా భూమిలో కూరుకుని ఉండేది. అప్పటికి ఎదుగులమ్మ అన్న పేరు లేదు, తోపుతల్లి అనేవారు. ఊరికంతటికీ పూలు కట్టే మనిషి నాంచారి. పెళ్లికూతురి జడకైనా, పాడె మీదికైనా ఆమె చేతి పూలే వెళ్లాలి. శుక్రవారం అమ్మవారికి నాలుగు మూరల దండ కట్టివ్వడం అత్తగారి నుంచి ఆమెకు సంక్రమించిన సేవ.

ఒక శ్రావణమాసం మొదటి శుక్రవారం ఆ దండ నేలను తాకలేదు. కొసలకూ నేలకూ నాలుగు వేళ్ల ఎడం మిగిలింది. పూజారి బసవయ్య వంగి కొసలను చూశాడు, తలెత్తి నాంచారిని చూశాడు. ఆ చూపు ఆమెను ఇంటిదాకా వెంబడించింది.

రెండో శుక్రవారం ఆమె రెండు వైపులా నాలుగేసి వేళ్లు పెంచి కట్టింది. అయినా ఎడం అలాగే ఉంది. మునసబుగారి అక్క భ్రమరాంబ అందరికీ వినబడేలా అంది.

"ఏమే నాంచారీ, అమ్మవారి దండ కురచవుతోంది, నీ కోడలి కొప్పు మాత్రం నిండుగా ఉందే!"

"కోడలు పెట్టుకున్నవి దొడ్లో బంతిపూలమ్మా. అమ్మవారివి మల్లెలు. వాసనకే తెలియదూ?"

"ఓహో, అమ్మవారి పూలు వాసన కూడా చూశావన్నమాట!"

ఆడవాళ్లు నవ్వారు. బసవయ్య దండ తీయించి తన చేత్తో కొలిచాడు. ఆయన పొడుగు మనిషి, చెయ్యీ పొడుగే. నాంచారి లెక్కకు నాలుగు మూరలు దాటిన దండ ఆయన చేతికి మూడున్నరే వచ్చింది.

"చెయ్యి పాతదే కదా పూజారిగారూ! నిరుటిదాకా ఈ చేత్తో కొలిచిన దండే నేలకు ఆనింది" అని నాంచారి మొరపెట్టుకుంది.

"మరి ఇప్పుడెందుకు ఆనదు?" అన్నాడాయన.

మునసబు తీర్పు చెప్పాడు. వచ్చే శుక్రవారం కూడా దండ నేలను తాకకపోతే సేవ మరొకరికి పోతుంది. దేవుడి పూలు దొంగిలించిన చేతి పూలు ఊళ్లో ఏ గడపా తొక్కవు.

ఆ వారమంతా నాంచారి అందరినీ అనుమానించింది. బుట్ట దగ్గరికి వచ్చిన కోడలి చేతులు చూసింది. నార జారుతోందేమోనని ముడి ముడీ లాగి చూసింది. చివరికి అనుమానం బసవయ్య మీదికి పోయింది. దండ తన చేయి దాటాక అమ్మవారి మెడకు చేరేలోపు అది ఉండేది ఆయన చేతిలోనే. కొసలు తుంచుతున్నాడా? తెలుసుకోవాలని మూడో దండను రెండు వైపులా మరో నాలుగేసి వేళ్లు పెంచి, ఎవరికీ చెప్పకుండా రెండు కొసలా ఒక్కొక్క ఎర్ర గన్నేరు కట్టింది. తుంచితే ఎరుపు పోతుంది. దొంగ దొరుకుతాడు.

శుక్రవారం ఊరు కూడింది. బసవయ్య అమ్మవారి స్నానానికి నీళ్లు, పసుపు సిద్ధం చేసుకుంటున్నాడు. భ్రమరాంబ అడ్డుపడింది.

"అవన్నీ తరువాత. ముందు దండ వేయండి, నిజం తేలనీ."

"స్నానం కాకుండా దండా?" అని బసవయ్య గొణిగాడు గాని, కాదనలేక వేశాడు.

దండ నేలకు జానెడు ఎత్తున ఆగిపోయింది. జనం గొల్లుమన్నారు. నాంచారి మాత్రం కొసల వంకే చూసింది. రెండు ఎర్ర గన్నేరులూ కట్టినచోటే ఉన్నాయి. పూజారి ఒక్క పువ్వు తుంచలేదు. వారమంతా ఒక నిర్దోషిని దొంగగా చూశానన్న సిగ్గుతో ఆమె తల వాలిపోయింది. తల వాలబట్టే విగ్రహం మొదలు కనబడింది.

పోయిన శుక్రవారం పూసిన పసుపు నేలదాకా లేదు. జానెడు పైనే ఆగిపోయింది. దాని కింద పసుపు ఎరుగని పచ్చిరాయి. రాతికి తడిమట్టి, ఒక గడ్డివేరు అంటుకుని ఉన్నాయి.

"అయ్యగారూ! దండ తగ్గలేదు. పిల్ల పెరిగింది. లంగా కురచైతే కుట్టినవాణ్ని తిడతామా?" అంది నాంచారి.

బసవయ్య మోకాళ్ల మీద కూలబడి ఆ మట్టిని తాకాడు. ప్రతి శుక్రవారం నేలదాకా పసుపు పూసి, పెరిగినంత మేరా కప్పేసినది తన చేతులే. కళ్ల ముందు ఎదిగే బిడ్డ ఎదుగుదల ఇంట్లోవారికి తెలియనట్టే, రోజూ చూసే ఊరికి తల్లి లేవడం తెలియలేదు. తల్లి కలలో కనిపించి చెప్పిందని కొందరంటారు. నాంచారి ఇంటివారు మాత్రం ఆమె కళ్లారా చూసిందనే చెబుతారు. మేము అదే రాస్తున్నాము.

"ఆ జానెడు ఇప్పుడే కట్టేస్తాను" అంటూ నాంచారి బుట్ట అందుకోబోయింది.

"నువ్వు కట్టొద్దు" అన్నాడు బసవయ్య.

ఆయన నేల మీద కూర్చుని, కాలి బొటనవేలికి నార తగిలించుకున్నాడు. భ్రమరాంబ పూలు రెండేసి అందించింది. ముడి జారింది, పూలు పక్కకు ఒరిగాయి. సరిచేయాలని వేళ్లు లాగుతుంటే నాంచారి చేతులు వెనక్కి కట్టుకుంది. ఎర్ర గన్నేరులకు అవతల రెండు వైపులా ఆ జానెడు చేరింది. దండ నేలను తాకింది.

ఆనాటి నుంచి తల్లి ఎదుగులమ్మ అయింది. నేటికీ దండను నాంచారి వంశంవారు ఎర్ర గన్నేరు దాకా కట్టి ఆపుతారు. మిగిలిన జానెడు పూజారి ఇంటివారిది. చేయని తప్పుకు మాట పడినవారు ఇక్కడ దండ మొక్కుకుంటారు. మాట అన్నవారు వచ్చి ఆ జానెడుకు పూలు అందిస్తారు. ఎదిగే బిడ్డలను కళ్లారా చూసుకోలేనంత దూరాన ఉన్నవారు వారి పేరున ఒక ఎర్ర గన్నేరు ఇస్తారు. బిడ్డలు చల్లగా ఎదుగుతారని నమ్మకం.

ఎన్నో తరాలుగా కడుతున్నా పూజారి ఇంటివారికి ఆ ముడి ఇంకా కుదరలేదు. నాంచారి ఇంటివారు నేర్పరు. వారూ నేర్పమని అడగరు.